పొడుగు బొచ్చు మన ముచ్చటైతే దువ్వడమూ మన బాధ్యతే

మన ఇళ్ళకు పిల్లి కొత్త కాదు. వంటింటి గడప దగ్గర కూర్చుని మాంసం ముక్క కోసం ఎదురుచూసే వీధి పిల్లి ప్రతి బస్తీలోనూ ఉంటుంది. కాని నేడు మనం చూస్తున్నది వేరు. పిల్లలు ముచ్చటపడ్డారని, ఈదీ డబ్బులు జమ చేసుకున్నారని వేల రూపాయలు పోసి పర్షియన్ పిల్లికూనను కొని తెస్తున్నాం. దూదిపింజలాంటి దాని బొచ్చును చూసి మురిసిపోతున్నాం. కొన్ని నెలలు గడిచాక ఒకరోజు అది మెడ చాచి, ఒళ్ళు కుదించుకుని, గరగరమంటూ ఓకరించి, జానమాజు పక్కనో దీవాను మీదో తడితడిగా ఒక వెంట్రుకల ఉండను కక్కుతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు పరీక్ష.

ఆ సమయంలో ఇంట్లో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "ఛీ, దీన్ని ఎక్కడైనా వదిలేసి రండి" అన్నది. రెండు, "పిల్లులన్నాక కక్కుతాయిలే" అన్నది. ఈ రెండు మాటలూ సరైనవి కావని మా అభిప్రాయం. మొదటిది దయలేనితనం, రెండవది తెలియనితనం. పిల్లిని ప్రేమగా చూసుకునే కుటుంబాలు కూడా రెండవ పొరపాటులో పడటం విచారకరం. ఆ నోరులేని జీవి అసలు ఏ ఇబ్బంది పడుతోందో, అందులో మన వంతు ఎంతో ఆలోచించడం ఎంతైనా అవసరం.

ఉండ ఎందుకు కడుతుంది?

పిల్లి స్వభావరీత్యా శుభ్రతను కోరే జీవి. మెలకువగా ఉన్న సమయంలో చాలా భాగం అది తన ఒంటిని నాకి శుభ్రం చేసుకోవడంలోనే గడుపుతుంది. దాని నాలుక మీద గొంతువైపుకు వంగిన చిన్న చిన్న ముళ్ళు ఉంటాయి. మన గోళ్ళు ఏ పదార్థంతో తయారయ్యాయో ఆ కెరటిన్‌తోనే ఈ ముళ్ళు కూడా తయారయ్యాయి. వీటి కొసలు చిన్న గరిటెల్లా బోలుగా ఉంటాయని, నోటిలోని తడిని అవి బొచ్చు అడుగున ఉన్న చర్మం దాకా చేరవేస్తాయని అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు 2018లో తెలియజేశారు. అంటే పిల్లికి స్నానమూ, దువ్వెనా రెండూ ఆ నాలుకే.

ముళ్ళు లోపలికి వంగి ఉండటం వల్ల నాలుకకు చిక్కిన వెంట్రుకను పిల్లి ఉమ్మివేయలేదు, మింగక తప్పదు. వెంట్రుక కూడా కెరటినే కాబట్టి కడుపులో జీర్ణం కాదు. మింగినదాంట్లో చాలా భాగం పేగుల గుండా ప్రయాణించి మలంతో బయటికి పోతుంది. పోగా మిగిలిన వెంట్రుకలు జీర్ణాశయంలో ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉండ కడతాయి. ఆ ఉండ ఇరుకైన ఆహారనాళం గుండా పైకి రావాలి. అందుకే అది గుండ్రంగా కాక వేలిలా పొడుగ్గా ఉంటుంది. కొందరు దానిని మలమని పొరబడి, ఇల్లంతా పాడు చేస్తోందని పిల్లిని కొడుతుంటారు.

ఇలా కడుపులో కట్టే ఉండలను వైద్యులు బెజోవార్ అంటారు. ఆ మాట మనకు పరాయిదేమీ కాదు. విషానికి విరుగుడు అనే అర్థం గల 'పాద్‌జహర్' అనే పారసీ మాట అరబ్బీ మీదుగా ఐరోపా భాషలకు చేరి అలా మారింది. అడవి మేకల కడుపులో దొరికే గట్టి ఉండలు విషాన్ని విరిచేస్తాయని ఒకప్పుడు నమ్మేవారు. రాజులు వాటికి బంగారు తొడుగులు చేయించి ఖజానాలో దాచుకునేవారు. మేక కడుపులోని ఉండకు బంగారు తొడుగు, పిల్లి కడుపులోని ఉండకు చీపురు దెబ్బ! మనిషి న్యాయం ఇలా ఉంటుంది.

ఈ బొచ్చు ఎవరు కోరుకున్నది?

మన వీధి పిల్లి బొచ్చు పొట్టిది. దాని నాలుక దాని ఒంటికి సరిపోతుంది. పర్షియన్ పిల్లి సంగతి అలా కాదు. 17వ శతాబ్దంలో ఇటలీ యాత్రికుడు పియెట్రో డెల్లా వాల్లే పర్షియా దేశంలో పొడుగు బొచ్చు పిల్లులను చూసి, వాటిని తన దేశానికి తీసుకువెళ్ళాలని తలపోశాడు. 1871లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో పిల్లుల ప్రదర్శన జరిగిన తర్వాత ఇటువంటి పిల్లుల పెంపకం అక్కడ గొప్ప ముచ్చటగా మారింది. బొచ్చు మరింత పొడుగ్గా, ముఖం మరింత చదునుగా ఉన్నవాటిని ఏరి ఏరి జత కలుపుతూ వచ్చారు. నేడు మన ఇంటికి వస్తున్న పిల్లి ఆ ముచ్చట ఫలితమే.

పైన చెప్పిన 2018 నాటి పరిశోధనలోనే మరొక విషయం కూడా తేలింది. రకరకాల పిల్లి జాతుల బొచ్చును పరిశీలించగా, నాలుక ముళ్ళు చర్మం దాకా చేరలేని పిల్లిగా పర్షియన్ పిల్లి నిలిచింది. దాని బొచ్చు అంత దట్టం, అంత పొడుగు. ఎంత నాకినా అడుగు శుభ్రం కాదు. వెంట్రుకలు జడలు కడతాయి, కడుపులోకి పోయేవి పోతుంటాయి. మనిషి తన కంటికి ఇంపుగా ఉంటుందని పెంచిన బొచ్చును పిల్లి తన నాలుకతో మోయలేకపోతున్నది. ఆ లోటును పూడ్చవలసింది ఎవరు? ఆ బొచ్చును చూసి మురిసి కొని తెచ్చుకున్నవారే కదా!

ఈ సందర్భంలో మనందరికీ తెలిసిన ఒక హదీసును గుర్తు చేసుకోవడం సముచితం. పిల్లిని బంధించి, దానికి తిండి పెట్టకుండా, నేల మీది పురుగూ పుట్రా తిని బతకడానికి వదలకుండా చంపిన ఒక స్త్రీ శిక్షకు గురైన విషయాన్ని దైవప్రవక్త (సల్లం) తెలియజేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఈ హదీసు ఉంది. ఇందులో మనం గమనించవలసిన అంశం ఒకటుంది. ఆ పిల్లి స్వేచ్ఛగా ఉండి ఉంటే తన తిండి తాను వెతుక్కునేది. బంధించిన క్షణం నుండి దాని అవసరాలన్నీ ఆమె బాధ్యత అయ్యాయి.

నాలుగో అంతస్తు ఫ్లాటులో తలుపులు మూసి పెంచే పిల్లి పరిస్థితి కూడా ఇంచుమించు ఇదే. దానికి మనం తిండి పెడుతున్నాం, నిజమే. కాని తిండి ఒక్కటే దాని అవసరం కాదు. అది గడ్డి నమలాలన్నా, గోడకు ఒళ్ళు రాసుకోవాలన్నా మనం కల్పించిన జాగాలోనే జరగాలి. పైగా రాత్రింబవళ్ళు దీపాల వెలుతురులో ఇంట్లోనే ఉండే పిల్లికి బొచ్చు ఒక కాలంలో కాక ఏడాది పొడుగునా రాలుతుంటుంది. కాబట్టి దువ్వడం అనేది మన దయ కాదు, అది పిల్లికి మన మీద ఉన్న హక్కు అని మేము భావిస్తున్నాము.

మొదటి మందు దువ్వెన

దువ్వెనతో వచ్చిన ప్రతి వెంట్రుకా కడుపులోకి పోకుండా ఆగిన వెంట్రుకే. పొడుగు బొచ్చు పిల్లిని రోజూ, పొట్టి బొచ్చు పిల్లిని వారానికి ఒకటి రెండుసార్లు దువ్వాలి. ముందు పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతోనూ, తర్వాత సన్నపళ్ళ దువ్వెనతోనూ దువ్వి, చివర తడిచేతితో ఒళ్ళంతా నిమిరితే ఊడిన వెంట్రుకలు చేతికి వచ్చేస్తాయి. చెవుల వెనుక, చంకల్లో, పొట్ట కింద, వెనుక కాళ్ళ దగ్గర జడలు ఎక్కువగా కడతాయి. ఆ జడలను కత్తెరతో కత్తిరించబోతే పల్చని చర్మం తెగుతుంది. వాటిని డాక్టరు చేతనో, అనుభవం ఉన్నవారి చేతనో తీయించాలి.

ఇక్కడ ఒక ఇంటి విషయం చెప్పుకోవాలి. పిల్లిని కోరింది పిల్లలు, కొన్నది అబ్బా, దువ్వేది మాత్రం అమ్మీ! వంట, ఇల్లు, బట్టలు, పిల్లల చదువు, వీటికి తోడు పిల్లి చాకిరీ కూడా ఆమె నెత్తిన పడుతోంది. ఇది సరికాదు. ఎవరు ముచ్చటపడ్డారో వారికే దువ్వెన ఇవ్వాలి. రోజుకు పది నిమిషాలు ఒక నోరులేని జీవికి సేవ చేయడం పిల్లలకు పుస్తకాల్లో దొరకని తర్బియత్.

దువ్వెన తర్వాత స్థానం నీటిది. పిల్లి స్వభావతః నీరు తక్కువ తాగుతుంది. గిన్నెలు రెండు మూడు చోట్ల, తిండికి దూరంగా పెట్టాలి. ఎప్పుడూ ఎండు గింజల మేతే కాకుండా తడి ఉన్న ఆహారం కూడా ఇవ్వాలి. ఒక కుండీలో గోధుమలు చల్లి మొలకెత్తిన గడ్డిని అందుబాటులో ఉంచితే పిల్లి తానే నమలుతుంది. ఆ గడ్డికి పురుగుమందు తగలకుండా చూడాలి. పీచు ఎక్కువగా ఉన్న మేతలు, ఉండలు జారిపోవడానికి ఇచ్చే పేస్టులు బజారులో దొరుకుతున్నాయి. వాటిని డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి.

మేలు చేయబోయి కీడు

కడుపులో ఉండ జారిపోతుందని కొందరు పిల్లి నోరు తెరిచి నూనె పోస్తుంటారు. ఇది చాలా ప్రమాదకరం. నూనె పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. నెయ్యి, వెన్న కడుపులోనే జీర్ణమైపోతాయి కాబట్టి వాటి వల్ల వెంట్రుకలు జారవు, పైగా విరేచనాలు పట్టుకోవచ్చు. పాలు కూడా పెద్ద పిల్లులలో చాలావాటికి అరగవు.

వాంతి చేసుకుని నీరసపడిందని మన జ్వరం మాత్ర సగం విరిచి వేసేవారు ఉన్నారు. పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క మాత్ర కూడా దాని ప్రాణం తీయగలదు. దావత్‌లో మిగిలిన బిర్యానీ, ఖుర్మా పెట్టడం కూడా మంచిది కాదు. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బ తీస్తాయి.

కక్కిన చోట ఫినాయిల్ పోసి కడగడం మన ఇళ్ళల్లో అలవాటు. ఆ తడి మీద నడిచిన పిల్లి తన పాదాలను నాకుతుంది. ఫినాయిల్‌లోని ఫినాల్ వంటి పదార్థాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. సబ్బు నీటితో కడిగి, మంచినీటితో తుడిచి, ఆరబెడితే సరిపోతుంది. అలాగే గోమార్లు పట్టాయని కుక్కల కోసం అమ్మే మందును పిల్లికి వాడకూడదు. వాటిలో కొన్నింటిలో ఉండే పర్‌మెత్రిన్ పిల్లి నరాలను దెబ్బ తీసి ప్రాణాల మీదికి తెస్తుంది.

మగ్గం పని, కుట్టుపని చేసే ఇళ్ళవారు మరొక జాగ్రత్త పాటించాలి. జరీ దారం, కుట్టుదారం పిల్లికి ఆటవస్తువులు. దారాన్ని మింగితే అది పేగులను ముడతలు పెట్టి కోసేయగలదు. పిల్లి పదే పదే ఓకరిస్తుంటే వెంట్రుకల ఉండేనని సరిపెట్టుకోక, ఇంట్లో దారం ఏమైనా పోయిందా అని చూసుకోవాలి. నోటి నుండి గాని వెనుక నుండి గాని దారం కొస కనిపిస్తే లాగకూడదు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి.

అన్నీ ఉండలు కావు

"పిల్లులన్నాక కక్కుతాయిలే" అనే మాట ఎందుకు సరైనది కాదో ఇప్పుడు చూద్దాం. ఎప్పుడో ఒకసారి ఉండను కక్కి, వెంటనే మామూలుగా తిని ఆడుకునే పిల్లిని గురించి కంగారు పడనవసరం లేదు. కాని వారంలో రెండు మూడుసార్లు కక్కుతుంటే అసలు కారణం వెతకాలి. గోమార్ల వల్లనో, చర్మవ్యాధి వల్లనో దురద పుట్టి మితిమీరి నాకుతూ ఉండవచ్చు. ఇల్లు మారినా, కొత్త బిడ్డ పుట్టినా, పెళ్ళి చుట్టాలతో ఇల్లు నిండినా పిల్లి బెదిరిపోయి అదే పనిగా నాకుతుంది. నొప్పి ఉన్న చోటును బోడి చేసేటంతగా నాకడమూ ఉంది. ఒక్కొక్కసారి లోపం బొచ్చులో కాక పేగుల్లోనే ఉంటుంది. పేగుల కదలిక మందగిస్తే మామూలుగా బయటికి పోవలసిన వెంట్రుకలు నిలిచిపోతాయి.

2013లో ఒక అమెరికన్ పశువైద్య పత్రికలో వచ్చిన పరిశోధన కళ్ళు తెరిపించేది. చాలాకాలంగా వాంతులో, విరేచనాలో, బరువు తగ్గడమో ఉండి, స్కానింగ్‌లో చిన్నపేగు గోడ మందంగా కనిపించిన 100 పిల్లులను పరీక్షించారు. వాటిలో 99 పిల్లులకు పేగు వ్యాధి ఉన్నట్లు తేలింది. కొన్నింటికి దీర్ఘకాలపు పేగువాపు, మరికొన్నింటికి క్యాన్సర్. ఇటువంటి వాంతులనే మనం "వెంట్రుకల ఉండలే" అనుకుని నెలల తరబడి ఊరుకుంటున్నాం.

ఉబ్బసం ఉన్న పిల్లి కూడా నేలకు కరుచుకుని, మెడ చాచి దగ్గుతుంది. చూసేవారికి ఉండ కక్కబోతున్నట్లే ఉంటుంది, కాని ఏమీ బయటికి రాదు. అటువంటప్పుడు సెల్‌ఫోనులో ఆ దృశ్యాన్ని తీసి డాక్టరుకు చూపిస్తే వ్యాధి గుర్తించడం తేలికవుతుంది. ఇక ఓకరిస్తూ ఏమీ కక్కలేకపోవడం, తిండి మానేయడం, మలం రాకపోవడం, పొట్ట ఉబ్బడం, మూలకు చేరి ముడుచుకుపోవడం వంటి లక్షణాలు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఉండ పేగులో అడ్డుపడితే ఆపరేషన్ చేయవలసి రావచ్చు. ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణాపాయం ఏర్పడుతుంది. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వంటి చోట్ల పశువైద్య కళాశాలలు ఉన్నాయి. మన జిల్లాల్లో ప్రభుత్వ పశువైద్యశాలలు ఉన్నాయి. వేలు పోసి పిల్లిని కొన్నవారికి అక్కడిదాకా వెళ్ళే తీరిక లేదంటే నమ్మశక్యం కాదు.

జానమాజు సందేహం

కొందరు పెద్దలకు పిల్లి ఇంట్లో ఉంటే నమాజు ఎలా అన్న సందేహం ఉంటుంది. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం తెచ్చిన నీటిని తాగడానికి పిల్లి వస్తే గిన్నెను దాని వైపు వంచారని, పిల్లి అశుద్ధం కాదని, అది మన మధ్య తిరుగుతుండే జీవి అని దైవప్రవక్త (సల్లం) తెలిపిన విషయాన్ని తన కోడలికి చెప్పారని హదీసు గ్రంథాలలో ఉంది. అలాగని దాని వాంతిని తుడవకుండా వదిలేయమని కాదు. ఉండను కాగితంతో తీసి పారవేసి, బట్టనైతే ఉతకాలి, నేలనైతే కడగాలి. ఇంకా సందేహాలుంటే దగ్గరలోని ఆలిమ్‌లను అడిగి తెలుసుకోవచ్చు. నమాజు కాగానే జానమాజును మడిచి అల్మారాలో పెట్టుకుంటే సగం సమస్య అక్కడే తీరిపోతుంది. దీనికోసం ఒక ప్రాణిని గడప దాటించవలసిన అవసరం ఏముంది?

గడప దాటిస్తే ఏమవుతుంది?

వదిలేసిన పర్షియన్ పిల్లికి వీధి తెలియదు. వేట రాదు. కుక్కల నుండి తప్పించుకునే ఒడుపు ఉండదు. చదునైన ముక్కుతో మన ఎండకు ఊపిరి ఆడదు. దువ్వే చెయ్యి లేక కొన్ని వారాల్లోనే బొచ్చు జడలు కట్టి చర్మాన్ని లాగేస్తుంది. ఆకలితో, దప్పికతో అలమటించేలా జంతువును విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. కాని చట్టం దాకా ఎందుకు? 13వ శతాబ్దంలో ఈజిప్టును ఏలిన సుల్తాన్ బైబర్స్ కైరోలో దిక్కులేని పిల్లుల పోషణ కోసం ఒక తోటనే రాసి ఇచ్చాడని, ఆ తర్వాతి కాలంలో ఖాజీ ఆధ్వర్యంలో పిల్లులకు రోజూ తిండి పెట్టేవారని 19వ శతాబ్దపు ఆంగ్ల రచయిత ఎడ్వర్డ్ లేన్ రాశాడు. వీధి పిల్లుల కోసం తోటలు రాసిచ్చిన సంప్రదాయం మనది. అటువంటి మనం ఇంటి పిల్లిని వీధి పాలు చేయడం ఎంతవరకు సమంజసం?

కాబట్టి మా మనవి ఇది. పిల్లిని తేవాలనుకునేవారు ముందు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. రోజూ పది నిమిషాలు దువ్వేదెవరు? జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకువెళ్ళేదెవరు? ఆ ఖర్చుకు మన స్తోమత సరిపోతుందా? జవాబు దొరకకపోతే పొడుగు బొచ్చు పిల్లి జోలికి వెళ్ళకండి. పొట్టి బొచ్చు గల మన వీధి పిల్లికూననే తెచ్చి సాకండి. దానికి ఖర్చు తక్కువ, పుణ్యం తక్కువేమీ కాదు. ఇప్పటికే తెచ్చుకున్నవారు కక్కినందుకు దాన్ని కసరడం మాని, ఈ రోజే ఒక దువ్వెన కొని తీసుకువెళ్ళండి. ఆ జీవి మనల్ని నోరు తెరిచి అడగలేదు. అడగలేని దాని హక్కును గుర్తించి నెరవేర్చడంలోనే మన దయకు అసలైన పరీక్ష ఉంది.